టీవీలో చిరుత, మంచం కింద కట్లపాము

రాత్రిపూట వేటాడే మృగాల కార్యక్రమాలు పిల్లలకు చూపించవచ్చా అన్నది పట్నాల్లో, అపార్టుమెంట్లలో పుట్టే అనుమానమని చాలామంది అనుకుంటారు. అదే ప్రశ్నను ఎర్రగుంట్ల పక్కన చిలమకూరుకు తీసుకొచ్చి అడిగితే దాని ముఖమే మారిపోతుంది. ఒక పక్క రేనాటి చోళుల నాటి అగస్త్యేశ్వరాలయం, ఇంకో పక్క రాత్రంతా దీపాలార్పని సిమెంటు ఫ్యాక్టరీ, చుట్టూ సున్నపురాయి గనులు, నాపరాయి గుంతలు. దట్టమైన అడవి లేదు. నల్లమల, లంకమల, పాలకొండలు, శేషాచలం జిల్లాలోనే ఉన్నా, ఊరి పిల్లలకు చిరుత కనిపించేది టీవీలో, లేకపోతే నైట్ డ్యూటీ లేని రోజున నాయన చేతిలోని ఫోన్లో. అట్లని రాత్రి వేటగాళ్లకు ఇక్కడ కొదవేం లేదు. బండల సందుల్లో కట్లపాము, గని అంచున గుడ్లగూబ, కోళ్లగూటి చుట్టూ తిరిగే అడవిపిల్లి, చేలగట్ల మీద నక్క. ఇక్కడి తల్లిదండ్రులు చూసుకోవాల్సింది పిల్లలు జడుసుకుంటారా లేదా అన్నదొక్కటే కాదు. తెర మీది రాత్రి వాళ్లకు వాకిట్లోని రాత్రి గురించి ఏం చెబుతోందో కూడా చూసుకోవాలి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏడేళ్లు దాటిన పిల్లలకు ఈ కార్యక్రమాల్లో చాలావరకు చూపించవచ్చు, చూపించాలి కూడా. అంతకంటే చిన్నపిల్లలకు తొందరేమీ లేదు. ఇక మనం నిజంగా పట్టించుకోవాల్సినవి రెండు: ఒకటి, జంతువుల కార్యక్రమం అనే పేరే లేకుండా పిల్లల కళ్లబడే వేట దృశ్యాలు. రెండోది, ఎవరూ తీయకపోవడం వల్ల వాళ్లు చూడకుండా పోతున్న రాత్రి.

పిల్లల భయాల మీద టీవీ ప్రభావాన్ని ఎక్కువ కాలం పట్టుబట్టి పరిశోధించినవారిలో జోన్ కాంటర్ ఒకరు. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పనిచేశారు. ఆమె, ఆమె సహచరులు చేసిన అధ్యయనాలను బట్టి, మూడేళ్ల నుంచి ఏడెనిమిదేళ్ల దాకా పిల్లలను భయపెట్టేది ప్రధానంగా కంటికి ఆనే రూపం. కోరలు, మెరిసే కళ్లు, చీకటి, ఉన్నట్టుండి మీదికి దూకే కదలిక. ఆ వయసు దాటాక భయం రూపాన్ని వదిలి, తమకు నిజంగా జరిగే అవకాశమున్న వాటి మీదికి మళ్లుతుంది. దొంగలు, జబ్బులు, అమ్మకేమైనా అవుతుందేమోనన్న దిగులు. రాత్రి వేట కార్యక్రమాన్ని తీసుకుంటే, చిన్నపిల్లలను భయపెట్టే నాలుగు వస్తువులూ అందులో ఒకేచోట దొరుకుతాయి. పన్నెండేళ్ల పిల్లవాడు నోరు తెరుచుకుని చూసేదాన్ని నాలుగేళ్ల చెల్లెలు దిండు చాటు నుంచి చూసేది అందుకే.

1999లో క్రిస్టెన్ హారిసన్‌తో కలిసి కాంటర్ సుమారు 150 మంది కాలేజీ విద్యార్థులను అడిగి చూశారు: చిన్నప్పుడు సినిమాలోనో టీవీలోనో చూసినదేదైనా మిమ్మల్ని చాలాకాలం వెంటాడిందా అని. పదిమందిలో తొమ్మిది మంది అవునన్నారు. నలుగురిలో ఒకరికి ఆ భయం అప్పటికీ కొంత మిగిలే ఉంది. నెదర్లాండ్స్‌లో పీటర్ మూరిస్ బృందం నాలుగు నుంచి పన్నెండేళ్ల పిల్లలను ప్రశ్నించినప్పుడు, నలుగురిలో దాదాపు ముగ్గురికి రాత్రి భయాలున్నట్టు తేలింది. అంటే రాత్రి భయం అన్నది బాల్యంలో మామూలు విషయం, టీవీ వచ్చాక పుట్టిన రోగం కాదు. టీవీ దానికి ఆకారం ఇస్తుంది, అంతే. ఆ ఆకారం చాలాకాలం నిలుస్తుందన్నది మాత్రం తేలిగ్గా తీసుకోవాల్సిన మాట కాదు.

ఇంతకంటే నన్ను ఆకట్టుకున్నది 1987 నాటి ఒక చిన్న ప్రయోగం. బార్బరా విల్సన్, కాంటర్ కలిసి పిల్లలకు ఒక సినిమాలోని పాముల గుంత దృశ్యం చూపించారు. చూపించే ముందు కొందరికి, చాలా పాములకు విషం ఉండదని నచ్చజెప్పారు. రెండు, మూడు తరగతుల పిల్లలకు ఆ మాట కొంత ధైర్యమిచ్చింది. అంతకంటే చిన్నవాళ్లలో భయం తగ్గకపోగా పెరిగింది. వాళ్ల మనసులో విషం అన్నది నాటుకుంది, ఉండదన్నది జారిపోయింది. మన ఇళ్లలో రోజూ జరిగేది ఇదే. సినిమా అయితే 'అదంతా ఉత్తిదే నాన్నా, యాక్టింగ్' అని తప్పించుకోవచ్చు. ప్రకృతి కార్యక్రమం దగ్గర ఆ దారి కూడా మూసుకుపోతుంది. అది ఉత్తిది కాదు. ఆ జింక నిజంగానే చచ్చిపోయింది.

చిలమకూరులో ఒక ఇంట్లో ఈ మాటలన్నీ కళ్ల ముందు జరగడం చూశాను. రాత్రి భోజనాలయ్యాయి. తెర మీద ఆఫ్రికా చిరుత ఒకటి నల్లగడ్డిలో కడుపు నేలకు ఆనించి పాకుతోంది. ఐదేళ్ల పిల్ల, తినడం మానేసిన బిస్కెట్టును పిడికిట్లో పిండి చేస్తూ అడిగింది: "జేజీ, అది మనింటికాడికి వస్చాదా?" ఆమె అన్న ఆరో తరగతి. తనకు తెలిసిందంతా చెప్పాడు: అది ఆఫ్రికాలో ఉంటాదనీ, మనుషుల్ని తినడం తక్కువనీ. పిల్ల ఇంకా బిగుసుకుపోయింది. జేజి వివరణల జోలికే పోలేదు. "దా మ్మే నా కాడికి" అని ఒళ్లోకి లాక్కుని చెంబుతో నీళ్లు తాగించింది. "రేయ్, ఆ సౌండు తగ్గించు" అని మనవణ్ని కసిరింది. రెండు నిమిషాల్లో పిల్ల మళ్లీ తెర వైపు తిరిగింది, ఈసారి కాస్త ధైర్యంగా. బడికి పోని వయసు పిల్లలకు మాటలకన్నా దగ్గరకు తీసుకోవడం, తాగడానికో తినడానికో ఏదైనా ఇవ్వడం, కాసేపు చూపు మళ్లించడం బాగా పనిచేస్తాయని కాంటర్ రాసినదంతా ఆ జేజికి ఎవరూ చెప్పకుండానే తెలుసు. టీవీ ముందు పిల్లలను వదిలేసి వంటింట్లోకి వెళ్లిపోయే మనకే తెలియాల్సి ఉంది.

ఆమె సౌండు తగ్గించమనడంలో ఇంకో సంగతి ఉంది. ఈ కార్యక్రమాల్లో మనం వినే శబ్దాల్లో చాలావరకు అడవిలో రికార్డు చేసినవి కావు. కెమెరా వందల మీటర్ల దూరం నుంచి పెద్ద లెన్సుతో తీస్తుంది. అంత దూరం నుంచి గడ్డి మీద పాదం పడిన చప్పుడో, ఎముక నమిలిన చప్పుడో మైకుకు అందదు. అవన్నీ తరవాత స్టూడియోలో మనుషులు కూర్చుని చేత్తో పుట్టించి అతికించేవి. వాటి మీద సంగీతం పరుస్తారు. జింక చెవులు నిక్కించగానే డ్రమ్ముల వేగం పెరుగుతుంది. సౌండు తీసేసి చూడండి: ఒక పెద్ద పిల్లి చాలాసేపు కదలకుండా కూర్చుని ఉంటుంది. అంతే. భయంలో సగభాగం స్టూడియోలో తయారైందేనని పదేళ్ల పిల్లవాడికి చెప్పి చూడండి, వాడికి చిరుత కంటే ఆ చప్పుళ్లు చేసే మనిషి మీద ఎక్కువ ఆసక్తి పుడుతుంది. చీకట్లో ఎలా తీస్తారో కూడా చెప్పాలి. కంటికి కనిపించని పరారుణ కాంతి, ఒంటి వేడిని పట్టుకునే థర్మల్ కెమెరా, వెలుతురు పడగానే జంతువు కంటి వెనక పొర అద్దంలా తిప్పికొట్టే మెరుపు. ఆ మెరిసే కళ్లే చిన్నపిల్లల కలల్లోకి వచ్చేది. అవి కోపంతో మెరుస్తున్నవి కావని, మనింటి పిల్లి కళ్లూ టార్చి వేస్తే అట్లనే మెరుస్తాయని పెరట్లో ఒకసారి చూపిస్తే సగం పని అయిపోతుంది.

చప్పుళ్లు అటుంచి, ఈ కార్యక్రమాల్లో దాగి ఉన్న ఇంకో అసత్యం నాకు ఎక్కువ అభ్యంతరం. కాన్హా అడవుల్లో 1960లలో పులులను గమనించిన జార్జ్ షాలర్ అంచనా ప్రకారం పులి సుమారు ఇరవై సార్లు ప్రయత్నిస్తే ఒకసారి వేట దొరుకుతుంది. తెర మీద లెక్క తిరగబడుతుంది. దొరికిన ఒక్క వేటనూ నాలుగు కోణాల్లో చూపిస్తారు, తప్పిపోయిన పందొమ్మిదీ ఎడిటింగ్‌లో పోతాయి. దీనివల్ల పిల్లల మనసులో పులి అంటే తప్పు చేయని యంత్రం. నిజానికి అది ఎక్కువ రాత్రులు ఆకలితోనే తిరుగు ముఖం పడుతుంది. తెలుగు డబ్బింగ్ ఈ తప్పును ఇంకా పెంచుతుంది. డిస్కవరీ, యానిమల్ ప్లానెట్ వంటి చానళ్ల తెలుగు వ్యాఖ్యానం కొన్నిసార్లు వింటుంటే ఫ్యాక్షన్ సినిమా ట్రైలర్ వింటున్నట్టే ఉంటుంది. పగ, పంజా, రక్తదాహం, ప్రత్యర్థి. ఇదేదో మా కడప జిల్లా కోసమే ప్రత్యేకంగా రాసినట్టు! అన్నీ ఇట్లనే ఉన్నాయని కాదు. అమోఘవర్ష, కళ్యాణ్ వర్మ తీసిన 'వైల్డ్ కర్ణాటక'కు ప్రకాశ్ రాజ్ చెప్పిన తెలుగు వ్యాఖ్యానం 2020లో వచ్చింది. ఇంగ్లిషులో డేవిడ్ అటెన్‌బరో చెప్పిన సినిమా అది. పక్క రాష్ట్రపు అడవి, మనకు తెలిసిన చెట్లు, మనం పలికే పేర్లు. పిల్లలకు మొదటగా ఏది చూపించాలని ఎవరైనా అడిగితే అదే చెబుతాను.

పిల్లల ముందు భయం పెట్టకూడదని ఇప్పుడు వాదిస్తున్న మనమే అన్నం తినకపోతే బూచాడికి పట్టిస్తామని పెంచిన జాతి. పీర్ల పండగకు రాయలసీమ ఊళ్లలో పులివేషం కట్టినవాడు డప్పుల మధ్య పిల్లల మీదికి దూకుతాడు, పిల్లలు కేకలు పెట్టి పరిగెత్తి మళ్లీ వాడి వెనకే పడతారు. అక్కడ భయానికి హద్దు తెలుసు. పసుపు రంగు కింద ఉన్నది వీధి చివరి మామ అని తెలుసు. పారిపోవడానికి అమ్మ కొంగు ఉంది. భయం ఆటగా మారడానికి ఇవి చాలు. తెర ముందు ఒంటరిగా కూర్చున్న పిల్లకు ఈ రెండూ ఉండవు.

మన కథల్లో పులి గురించి ఇంకో చిక్కు ఉంది. పదిహేనో శతాబ్దంలో అనంతామాత్యుడు భోజరాజీయంలో చెప్పిన ఆవు-పులి కథ వినని తెలుగు పిల్లలు తక్కువ. దూడకు పాలిచ్చి వస్తానని మాటిచ్చిన ఆవు తిరిగి వస్తుంది, పులి మనసు కరిగి వదిలేస్తుంది. సత్యం గొప్పదని చెప్పడానికి అంతకు మించిన కథ లేదు. కానీ ఆ కథ మీద పెరిగిన పిల్ల మొదటిసారి టీవీలో పులి జింకను వదలకపోవడం చూస్తే ఏమడుగుతుంది? "ఎందుకు వదల్లేదు?" అని. ఇది భయపడ్డ పిల్ల ప్రశ్న కాదు, న్యాయం అడిగే పిల్ల ప్రశ్న. పులిని చెడ్డదాన్ని చేసి తప్పించుకోవడం సులువు. కార్యక్రమాన్ని పూర్తిగా చూడనిస్తే జవాబు అందులోనే ఉంటుంది: పొద చాటున ఆ పులికీ ఆకలిగొన్న కూనలున్నాయి. మాటిచ్చి తిరిగొచ్చిన ఆవును మెచ్చుకోవడం, కూనలకు తిండి తెచ్చే పులిని అర్థం చేసుకోవడం ఎనిమిదేళ్ల పిల్ల మనసులో ఒకేసారి ఇముడుతాయి. పెద్దలే అనవసరంగా కంగారు పడతారు. అందుకే వేట దృశ్యం దగ్గర చానల్ మార్చేయడం నాకు నచ్చదు. మధ్యలో ఆపేస్తే పిల్ల దగ్గర మిగిలేది గొంతు పట్టిన క్షణం మాత్రమే.

ఇక చట్టం సంగతి. కేబుల్ టీవీ నిబంధనల్లోని ప్రోగ్రామ్ కోడ్ ప్రకారం, పిల్లలకు తగని కార్యక్రమాలను పిల్లలు ఎక్కువగా చూసే వేళల్లో వేయకూడదు. 2021 నాటి ఐటీ నిబంధనలు ఓటీటీలకు యు, 7+, 13+, 16+, ఎ అనే తరగతులు పెట్టాయి. 2016లో 'ది జంగిల్ బుక్'కు సెన్సార్ బోర్డు యు/ఎ ఇచ్చి, త్రీడీలో జంతువులు మీద పడితే పిల్లలు జడుసుకుంటారని సమర్థించుకుంటే దేశమంతా నవ్వింది. నేనైతే నవ్వను. నాలుగేళ్ల పిల్లలకు అది సరైన హెచ్చరికే. నవ్వు రావాల్సింది వేరే చోట: పిల్లలు అడవి జంతువులను ఎక్కువగా చూస్తున్న రెండు చోట్లకు ఏ వయసు ముద్రా లేదు. ఒకటి ఫోన్లో వచ్చే పది సెకన్ల షార్ట్స్. ముందూ వెనకా లేని వేట, పైన సినిమా పాట, కింద నవ్వే బొమ్మలు. రెండోది మన న్యూస్ చానళ్లు.

2023లో తిరుమల నడకదారిలో జరిగిన ఘటనలు గుర్తు చేసుకోండి. జూన్‌లో ఏడో మైలు దగ్గర ఒక చిన్న పిల్లవాణ్ని చిరుత నోట కరుచుకుపోయి, జనం కేకలకు వదిలేసింది. బతికాడు. ఆగస్టు 11 రాత్రి ఆరేళ్ల పాపను ఎత్తుకుపోయింది. ఆ పాప దక్కలేదు. ఆ తరవాత టీటీడీ పదిహేనేళ్ల లోపు పిల్లలను మధ్యాహ్నం రెండు దాటాక నడకదారుల్లోకి రానివ్వలేదు, భక్తుల చేతికి కర్రలిచ్చింది. చిరుతలు వరసగా బోన్లలో పడ్డాయి. కడప జిల్లా వాళ్లకు ఇది దూరపు వార్త కాదు. శేషాచలం అడవి ఈ జిల్లాలోకీ వస్తుంది, ఎండాకాలం సెలవుల్లో కాలినడకన కొండెక్కని కుటుంబాలు తక్కువ. ఆ వారాల్లో పిల్లలు టీవీలో చూసినదేంటి? ఒకే సీసీ కెమెరా దృశ్యం, ఎర్ర గుండ్రం, ఎర్ర బాణం, 'చిరుత కలకలం' అనే అక్షరాలు, పొద్దున్నుంచి రాత్రి దాకా. ఎవరి పాపకు ఏమైందో ఆ తల్లి ఏడుపుతో సహా. ఏ ప్రకృతి కార్యక్రమమూ పిల్లలకు ఇంత హాని చేయలేదని నేననుకుంటాను. దాన్ని చూసి పిల్లలు నేర్చుకున్నదీ ఏమీ లేదు. నేర్చుకోవాల్సింది ఇది: చిరుత గుంపును వదిలి ఒంటరిగా ఉన్న, ఎత్తు తక్కువున్న ప్రాణిని ఎంచుకుంటుంది. కాబట్టి పిల్లలు పెద్దల కంటే ముందు పరిగెత్తకూడదు, మధ్యలో నడవాలి, చీకట్లో ఒంటరిగా పొదల వైపు కూర్చోకూడదు. ఒక మంచి చిరుత కార్యక్రమం అరగంటలో చెప్పే పాఠం ఇదే. జింకల మందలో అది దేన్ని పట్టుకుందో చూసిన పిల్లకు వేరే చెప్పాల్సిన పని ఉండదు.

దీనికి రెండో వైపూ ఉంది. అదే ఏడాది మార్చిలో నంద్యాల జిల్లా పెద్దగుమ్మడాపురంలో నాలుగు పులి కూనలు ఊరి అంచుకు చేరాయి. తల్లి దగ్గరకు చేర్చాలని అటవీ సిబ్బంది చేసిన ప్రయత్నం ఫలించక చివరికి తిరుపతి జూకు పంపారు. ఆ నాలుగు రోజులూ అవే చానళ్లు జోలపాట స్వరంలో మాట్లాడాయి. కొద్ది నెలలకే అడవి రాక్షసంగా మారిపోయింది. పిల్లల చేతికి ముద్దొచ్చే బొమ్మనో, నరభక్షకినో ఇస్తున్నాం. రెంటి మధ్యలో నిజంగా బతికే జంతువు ఎక్కడా లేదు. 2022 లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 569 చిరుతలు, 63 పులులు ఉన్నాయి. ఇంత దగ్గరగా ఉన్నవాటి గురించి ఈ రెండు మాటలతో సరిపెట్టుకోవడం పిల్లలకు చేసే అన్యాయమే.

ముంబయిలో ఇంకోలా చేసి చూశారు. నగరం మధ్యలో ఉన్న సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానవనం చుట్టూ చిరుతలు, మనుషులు కలిసే బతుకుతారు. 2011 నుంచి అటవీశాఖ, విద్యా ఆత్రేయ వంటి పరిశోధకులు, నగరవాసులు కలిసి విలేకరులతో కూడా కూర్చుని మాట్లాడారు. చిరుత కనిపించడం వేరు, దాడి చేయడం వేరు అని వివరించారు. పత్రికల భాషలో మార్పు వచ్చింది. బీబీసీ 'ప్లానెట్ ఎర్త్ 2' నగరాల భాగంలో 2016లో చూపించినది ఆ ముంబయి చిరుతలనే. రాత్రి వీధి చివర పందులను వేటాడతాయి, పక్కనే ఇళ్లలో దీపాలు వెలుగుతుంటాయి. పిల్లలతో కలిసి చూడదగ్గ రాత్రి వేట దృశ్యం ఒక్కటే ఎంచుకోమంటే దాన్నే ఎంచుకుంటాను. అది ఆఫ్రికా కాదు. ఆ వీధిలో మురికి కాలువ ఉంది, రేకుల కప్పు ఉంది. అడవి అన్నది ఎక్కడో ఉండే దృశ్యం కాదని పిల్లలకు అర్థమవుతుంది.

అయినా ముంబయి ముంబయే. చిలమకూరు పిల్లకు కావాల్సిన కార్యక్రమం ఇంకా ఎవరూ తీయలేదు. మొదట గుడ్లగూబ. అది ఇంటి మీద వాలితే కీడని, ఇంట్లో దూరితే ఇల్లు ఖాళీ చేయాలని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తలపై కొమ్ముల్లాంటి ఈకలున్న పెద్ద గుడ్లగూబకు రాతి గనుల అంచులంటే ఇష్టం, ఎర్రగుంట్ల చుట్టుపక్కల వాటికి కొదవా? ధాన్యం తినే ఎలుకలను రాత్రంతా ఏరేది అదే. గుడ్లగూబ రెక్క అంచున ఉన్న మెత్తటి దువ్వెన వంటి ఈకల వల్ల చప్పుడే రాకుండా ఎగురుతుందని ఒక్కసారి చూసిన పిల్ల దాన్ని రాయితో కొట్టదు.

తరవాత కలివికోడి. అది కూడా రాత్రి వేటగాడే, చెదపురుగులను వేటాడుతుంది. 1848లో శాస్త్రలోకానికి తెలిసిన ఈ పిట్ట 1900 తరవాత కనిపించకుండా పోయింది. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో మన కడప జిల్లాలోనే, రెడ్డిపల్లి దగ్గర, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ కృషితో, పిట్టలు పట్టే ఊరివాడి సాయంతో మళ్లీ దొరికింది. దాని కోసమే లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. ఆ తరవాత మళ్లీ చాలా ఏళ్లు జాడ లేదు, 2025లో దాని కూత మళ్లీ రికార్డయింది. రక్తం లేదు, కోరలు లేవు, అసలైన ఉత్కంఠ ఉంది. నాలుగేళ్ల పిల్లకు కూడా నిస్సంకోచంగా చూపించదగ్గ రాత్రి వేట కథ ఇది. ప్రపంచంలో ఇంకెక్కడా లేని ఈ కథ మన జిల్లాది, మన పిల్లల్లో ఎక్కువమంది దాని బొమ్మ కూడా చూడలేదు.

ఇక కట్లపాము. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో ఏటా సగటున 58 వేల మంది చనిపోయారని అంచనా. మరణాలు ఎక్కువున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. చిరుతల వల్ల చనిపోయేవారి సంఖ్య దాని ముందు ఏ మూలకూ రాదు. కట్లపాము రాత్రే తిరుగుతుంది. ఎక్కువగా వేరే పాములను, బల్లులను, ఎలుకలను తింటుంది. వాటి వెంటే బండల కాంపౌండు సందుల్లోంచి ఇంట్లోకి వస్తుంది. నేల మీద పడుకున్న మనిషి నిద్రలో కదిలితే కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా సరిగ్గా కనిపించదు. తెల్లవారుజామున పిల్ల కడుపునొప్పి అంటుంది, గొంతు పట్టేసిందంటుంది, రెప్పలు వాలిపోతాయి. ఇంట్లోవాళ్లు అజీర్తి అనుకుని వాము నీళ్లు తాగిస్తారు. ఆ గంటలే ప్రాణం తీసేవి. మంచం మీద, అంచులు పరుపు కిందికి దోపిన దోమతెరలో పడుకుంటే ప్రమాదం బాగా తగ్గుతుంది. నేపాల్ తరాయి గ్రామాల్లో చేసిన అధ్యయనంలోనూ దోమతెర వాడినవాళ్లలో పాముకాట్లు తక్కువున్నాయి. 2024లో కేంద్రం పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గిస్తామంటూ జాతీయ ప్రణాళిక ప్రకటించింది. అందులో ప్రజలకు అవగాహన కల్పించడం ఒక భాగం. ఇంత అవసరమైన రాత్రి వేటగాడి మీద తెలుగులో పిల్లలు కూర్చుని చూడగలిగే మంచి సినిమా నా కంటికి కనబడలేదు. దాన్ని తీసేవాళ్లు కాంటర్ ప్రయోగాన్ని గుర్తుంచుకోవాలి. 'చాలా పాములకు విషం లేదు' అని మొదలుపెడితే చిన్నపిల్లలకు చేరేది విషం ఒక్కటే. చెప్పాల్సింది చేయాల్సిన పని: మంచం ఎక్కు, తెర దోపు, రాత్రి బయటికి పోతే టార్చి వెయ్యి, కడుపు నొప్పెడితే అమ్మను లేపు.

వయసు లెక్క అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. భారత పిల్లల వైద్య సంఘం రెండేళ్ల లోపు పిల్లలకు తెరే వద్దంది, ఐదేళ్ల దాకా రోజుకు గంట దాటకూడదంది. ఆ గంటలో వేట దృశ్యాలకు చోటు అక్కర్లేదు. గుడ్లగూబ, మిణుగురు, కలివికోడి చాలు. ఐదు నుంచి ఏడు మధ్య, పెద్దల ఒడిలో, సౌండు తగ్గించి. ఏడు దాటాక వేట కూడా చూడనివ్వండి, పూర్తిగా చూడనివ్వండి. ఏ వయసుకైనా పడుకునే ముందు మాత్రం వద్దు. సియాటిల్‌లో మూడు నుంచి ఐదేళ్ల పిల్లల మీద మిషెల్ గ్యారిసన్, డిమిట్రి క్రిస్టాకిస్ చేసిన అధ్యయనంలో, సాయంత్రం తెర చూడటానికీ, పగలైనా హింస ఉన్నవి చూడటానికీ నిద్ర సమస్యలతో సంబంధం కనిపించింది. చిరుతను ఆదివారం మధ్యాహ్నం చూపిస్తే అది చూపించే రాత్రికి ఏ లోటూ రాదు. న్యూస్ చానల్లో ఎర్ర గుండ్రం కనబడగానే రిమోట్ తీసుకోవడంలో మాత్రం ఏ వయసుకూ మినహాయింపు లేదు.

ఇక ఆ కట్లపాము సినిమా వేయడానికి మా దిక్కున ఎండాకాలం సెలవుల ముందే అసలు సమయం. పిల్లలు పగలంతా టీవీ ముందు, రాత్రి ఉక్కకు తాళలేక మిద్దె మీదో, వాకిట్లో చాప మీదో పడుకుంటారు. ఏప్రిల్‌లో బడులు మూసే ముందు రోజు, బడుల్లో ఉన్న పెద్ద తెరల మీద పదిహేను నిమిషాల కట్లపాము సినిమా ఒకటి వేయించగలిగితే చాలు. కెమెరా పట్టుకునేవాళ్లు ప్రొద్దుటూరులోనే బోలెడంత మంది ఉన్నారు, పెళ్లి వీడియోల సీజన్‌కు ముందు ఖాళీగానే ఉంటారు. పాము గురించి చెప్పడానికి అటవీశాఖలో మనుషులున్నారు, కాటు గురించి చెప్పడానికి ప్రభుత్వాసుపత్రి డాక్టరు ఉన్నాడు. వ్యాఖ్యానం మాత్రం ఆ జేజి లాంటి మనిషి చేత, కడప మాటల్లో చెప్పించాలి.